ట్యాంక్‌లెస్ హీటర్‌కి పాత అర అంగుళం గ్యాస్ పైపు సరిపోతుందా?

సరిపోదండీ. మీ పాత 40 గ్యాలన్ల హీటర్ గంటకు సుమారు 40,000 బీటీయూ (వేడిని కొలిచే యూనిట్) తీసుకుంటే, టెక్సాస్ ఇంటికి మీరు కొన్న ట్యాంక్‌లెస్‌కి (ట్యాంకు లేకుండా, నీళ్లు పారుతుండగానే వేడిచేసే గ్యాస్ హీటర్) 1,99,000 కావాలి. "ఉన్న పైపుకే తగిలించేద్దాం" అన్న ప్లంబర్ మాట వినకండి. చలికాలంలో ఫర్నేస్ (ఇంటిని వెచ్చబరిచే గ్యాస్ యంత్రం) నడుస్తుండగా షవర్ తిప్పితే హీటర్‌కి గ్యాస్ చాలక నీళ్లు చల్లబడతాయి, ఎర్రర్ కోడ్ వస్తుంది.

వెయ్యి బీటీయూ అంటే దాదాపు ఒక ఘనపుటడుగు సహజవాయువు. ఈ లెక్కన హీటర్‌కి 199, ఫర్నేస్‌కి 80, స్టవ్‌కి 60, మొత్తం గంటకు 339 ఘనపుటడుగులు కావాలి. మీటర్ నుంచి అన్నిటికన్నా దూరంగా ఉన్న స్టవ్‌కి 60 అడుగులు కాబట్టి, హీటర్ దగ్గరలోనే ఉన్నా పైపు సైజుల టేబుల్‌లో 60 అడుగుల వరసే చూడాలి. చాలామంది పొరపడేది ఇక్కడే! మామూలు తక్కువ ప్రెషర్ లైనులో, ఇనుప పైపుకి ఆ వరసలో అర అంగుళం 65, ముప్పావు 137, అంగుళం 257, అంగుళంపావు 528 మోస్తాయి.

అంటే మీటర్ నుంచి హీటర్ టీ (పైపు రెండుగా చీలే జాయింటు) దాకా అంగుళంపావు, హీటర్ బ్రాంచికి అంగుళం. ఆ టీ దాటాక ఫర్నేస్, స్టవ్ కలిపి 140. ముప్పావు మూడే తేడాతో తప్పింది, అక్కడా అంగుళమే వేయించండి. స్టవ్‌కున్న అర అంగుళం బతికిపోయింది. పసుపు రంగు ఫ్లెక్సిబుల్ పైపైతే ఈ అంకెలు పనికిరావు, దాని కంపెనీ టేబుల్ వేరు.

పైపు కొనేముందు మీటర్ మీద కెపాసిటీ చూడండి. 250 అని ఉంటే ముందు గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయాల్సిందే. పర్మిట్, ప్రెషర్ టెస్ట్ మాత్రం వదలొద్దు.