విదేశాల్లో విపత్తు వస్తే సహాయక చర్యలకు పెద్ద ఎవరు?

దెబ్బతిన్న దేశపు ప్రభుత్వమే. అమెరికా కాదు, ఐక్యరాజ్యసమితి కూడా కాదు. 1991లో ఐరాస సర్వసభ్య సభ చేసిన 46/182 తీర్మానం చెప్పేది ఇదే.

మరి పెద్దరికం కోసం దేశాల మధ్య గొడవ ఎందుకు? 2025 ఫిబ్రవరిలో మన నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం పైకప్పు కూలినప్పుడు సైన్యం, నౌకాదళం, ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం), సింగరేణి బృందాలన్నీ దిగాయి. అన్నీ ఒకే దేశానివి కాబట్టి ఎవరి మాట వినాలో చట్టమే తేలుస్తుంది. దేశాల మధ్య అలా కాదు. అధికారం ఒకరిది, డబ్బు, ఓడలు, హెలికాప్టర్లు ఇంకొకరివి. సాయం చేస్తే పలుకుబడి పెరుగుతుంది, అందుకే పోటీ. పైగా సాయం పేరుతోనైనా పరాయి సైన్యం తీరానికి వస్తే ఏ ప్రభుత్వానికైనా టెన్షనే.

2004 డిసెంబర్ సునామీ తర్వాత అమెరికా, భారత్, జపాన్, ఆస్ట్రేలియా కలిసి సహాయాన్ని నడిపించడానికి కోర్ గ్రూప్ అనే బృందం పెట్టాయి. ఐరాసను పక్కకు నెడుతున్నారని విమర్శలొచ్చాయి. 2005 జనవరి మొదటి వారంలోనే, సునామీ సాయంపై జకార్తాలో దేశాల సమావేశం జరిగిన సమయంలో, దాన్ని రద్దు చేసి సమన్వయ బాధ్యతను ఐరాసకే వదిలారు. ఆ సునామీలోనే మన దేశం తనకు విదేశీ ప్రభుత్వాల సాయం వద్దని, శ్రీలంకకు మాత్రం నౌకలు పంపింది. ఇచ్చే చేయిగా కనిపించాలన్న ఆరాటం మనకూ తక్కువేమీ కాదు.

చాలామంది ఐరాస అందరికీ ఆదేశాలిస్తుందనుకుంటారు. దాని సహాయ విభాగం ఓచా చేసేది సమన్వయమే: ఎవరు ఏ ప్రాంతానికి, ఏ సామగ్రితో వెళ్లాలో కుదర్చడం. అదైనా ఆ దేశం ఒప్పుకుంటేనే.