సెలవుకి ఇంటికొస్తే ఇల్లే వార్డులా ఉంది

మిలిటరీ హాస్పిటల్లో నర్సింగ్ ఆఫీసర్ ఒకామె శ్రీకాకుళం వైపు సొంతూరికి నెల సెలవు మీద వచ్చి రాశారు. నాన్న పొద్దున్నే తాగుతున్నాడు, తాగకపోతే చేతులు వణుకుతున్నాయి, తాగితే అమ్మని కొడుతున్నాడు, అమ్మేమో ఎవరో ఇచ్చిన మందు మాన్పించే పొడి కూరలో కలుపుతోంది, తమ్ముడు లోన్ యాప్ అప్పులు అక్కే కట్టాలంటున్నాడు. ఉద్యోగం మానేసి వచ్చేయనా అని అడుగుతున్నారు.

అమ్మా, ముందు ఆ పొడి ఆపించండి, మిగతావన్నీ తర్వాత. అందులో ఏముందో ఎవరికీ తెలీదు, తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ గనక ఉంటే దాని మీద తాగినప్పుడు బీపీ పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు, మీకు తెలియంది కాదు. అలాగని సీసాలు పారబోసి గదిలో పెట్టి గొళ్ళెం వేయొద్దు, అలా వణికే మనిషి ఒక్కసారిగా మానేస్తే రెండ్రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు, తర్వాత మతి తప్పి మాట్లాడితే మన ఊళ్ళల్లో గాలి సోకిందని తాయెత్తు కడతారు. నేనే ఇంట్లో సెలైన్ పెట్టి చూసుకుంటా అనిపిస్తుంది మీకు, వద్దు. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది, అక్కడికి తీసుకెళ్ళండి, అక్కడ మాత్రం మీరు కూతురు, అంతే. ఆయన మొండికేస్తే ఎలా ఒప్పించాలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే అడగొచ్చు.

అమ్మని కొట్టడం తాగుడు ఖాతాలో వేసి వదిలేయకండి, తాగే వాళ్ళందరూ కొట్టరు కదా. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు ఆవిడ ఫోన్‌లో మీరే సేవ్ చేసి పెట్టండి, 2005 గృహహింస చట్టం కింద ఆవిడ ఆ ఇంట్లోనే ఉంటూ రక్షణ అడగొచ్చు, మీరు వెళ్ళిపోయాక రాత్రి పూట తలుపు తట్టడానికి పక్కింట్లో ఒక మనిషిని ఇప్పుడే మాట్లాడుకోండి.

తమ్ముడి చేతికి రూపాయి ఇవ్వొద్దు. ఏ యాప్‌లో ఎంతుందో కాగితం మీద రాయమనండి (సగం దాస్తాడు, రెండోసారి అడగండి), ఫోటోలతో బెదిరిస్తున్నారంటే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కంప్లైంట్.

ఉద్యోగం మానకండి, ఇవాళ ఆ ఇంట్లో నిలబడి ఉంది మీ జీతం ఒక్కటే. సెలవు కూడా అంతా ఇప్పుడే వాడేయకండి, నాన్నగారు డిశ్చార్జ్ అయ్యాక తొలి వారాల్లోనే మళ్ళీ మొదలెట్టే ప్రమాదం ఎక్కువ, అప్పటికి కొంచెం ఉంచుకోండి.

ఇక పెళ్ళి చేసుకుంటే మిలిటరీ వాళ్ళు తీసేస్తారని మీ మేనత్త అంటోందని రాశారు, ఆ రూలు 1995లోనే పోయింది, దాని కింద అంతకుముందెప్పుడో తీసేసిన ఒక నర్సుకి 60 లక్షలు ఇమ్మని 2024లో సుప్రీంకోర్టే చెప్పింది, మీ మేనత్తకి ఆ బెంగ వద్దని చెప్పండి.