తాతగారి కుక్క, నాలుగేళ్ల మనవడు, మధ్యలో మీరు

ప్రశ్న: మాది కాకినాడ. అత్తయ్యగారు పోయాక మామయ్యగారు మా దగ్గరే ఉంటున్నారు. ఆయనతోపాటు 11 ఏళ్ల లాబ్రడార్ కుక్క కూడా వచ్చింది. ఈమధ్య అది మెట్లు ఎక్కడం లేదు, లేవడానికి కూడా బద్ధకిస్తోంది. ఐదు రోజుల క్రితం అది అన్నం తింటుండగా మా నాలుగేళ్ల బాబు దాని మీదకు వంగితే వాడి చెయ్యి కరిచింది. చర్మం గీరుకుంది, రక్తం రాలేదు. పసుపు రాశాం. అప్పటినుంచి మావారు దాన్ని పెరట్లో గొలుసుతో కట్టేశారు. ఊరి బయట వదిలేస్తానంటున్నారు. అది పోతే తానూ పోతానని మామయ్యగారు భోజనం మానేసి, ధర్మరాజు కథ చెప్పి కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: ఇంట్లో గొడవ రెండు రోజులు ఆగుతుంది, బాబు చెయ్యి ఆగదు. ఈ జవాబు చదవగానే వాణ్ని ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఐదు రోజులైపోయింది కదా అని, ఇంటి కుక్కే కదా అని ఊరుకోవద్దు. పంటిగాటుకు చర్మం గీరుకుంటే రక్తం రాకపోయినా రేబిస్ టీకా అవసరమే. రక్తం వచ్చి ఉంటే, టీకా పని మొదలుపెట్టేలోగా రక్షణనిచ్చే ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా గాయంలోకి ఎక్కిస్తారు. టీకాను చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజును సున్నాగా లెక్కపెట్టి 0, 3, 7, 28 రోజుల్లో ఇస్తారు. ప్రభుత్వాసుపత్రుల్లో దీనికి డబ్బు తీసుకోరు. కుక్కకు ఏటా టీకా వేయిస్తున్నట్లయితే ఆ కార్డు వెంట పట్టుకెళ్లి చూపించండి కానీ, దాన్ని చూసి మీరే నిర్ణయించేసుకోకండి. పది రోజులు కుక్కను గమనించి ఆ తరువాత టీకా సంగతి చూద్దామనే మాట మన ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. గమనించడం మంచిదే, టీకా మొదలుపెట్టాక. ఈ జబ్బు లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించుకోవడం దాదాపు అసాధ్యం. ఇక పసుపు అంటారా, పోపులోకి వాడుకోండి. కుక్క కరిచిన చోటును కరిచిన వెంటనే పంపు నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి.

ఇప్పుడు కుక్క సంగతి. మెట్లు ఎక్కడం లేదని, లేవడానికి బద్ధకిస్తోందని మీరు రాసిన మాట దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను. 11 ఏళ్ల లాబ్రడార్ అంటే బాగా ముసలిది. ఆ జాతికి తుంటి కీళ్లు, మోచేతి కీళ్లు అరిగిపోవడం మామూలే. మీరు బద్ధకం అనుకుంటున్నది నొప్పి కావడానికే అవకాశం ఎక్కువ. కీళ్లు పీకుతున్న జంతువు తన తిండి గిన్నె దగ్గర ఉన్నప్పుడు పిల్లవాడు పైనుంచి వంగితే తప్పుకునే చురుకు దానికి ఉండదు కాబట్టి నోటితో చెబుతుంది. అంతకుముందు అది గుర్రుమని ఉంటుంది, పెదవి ఎత్తి ఉంటుంది, లేదా తినడం ఆపి బిగుసుకుపోయి ఉంటుంది. గుర్రుమన్నప్పుడల్లా ఇంట్లో ఎవరైనా దాన్ని కొట్టేవారేమో గుర్తు చేసుకోండి. అలా దెబ్బలు తిన్న కుక్క హెచ్చరించడం మానేసి నేరుగా కరుస్తుంది.

పశువైద్యుడికి కీళ్లు, పళ్లు, చెవులు, కళ్లు చూపించండి. ఈలోగా నొప్పి తగ్గుతుందని మీ మందుల డబ్బాలోని పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వేయకండి, అవి కుక్కలకు విషమవుతాయి. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారకుండా గోనెపట్టా లేదా రబ్బరు పట్టా పరిస్తే దానికి సగం తిప్పలు తగ్గుతాయి. మామయ్యగారు ప్రేమకొద్దీ తన కంచంలోంచి ఉల్లిపాయలు వేసిన కూరలు, ఉడికిన కోడి ఎముకలు పెడుతుంటే అవి మాన్పించండి. ఉల్లి దాని రక్తానికి చెరుపు, ఉడికిన ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది.

మీవారి భయం న్యాయమైనది, ఆయన ఎంచుకున్న రెండు దారులూ కావు. పగలూ రాత్రీ పొట్టి గొలుసుకు కట్టి ఉంచడం, తిండీ నీరూ దొరకక బాధపడే చోట వదిలివేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరాలు. చట్టం మాట పక్కన పెట్టినా, ఊరి బయట ఆ చోటు అప్పటికే వేరే కుక్కలది. కుంటుతున్న ముసలికుక్క అక్కడ ఎన్నాళ్లో నిలవదు. పైగా పెరట్లో ఒంటరిగా కట్టేసిన కుక్క నెమ్మదించదు, మరింత చిరాకు పడుతుంది.

మామయ్యగారికి కూడా ఒక మాట చెప్పాలి. మహాభారతంలోని మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్క ఎవరి మనవణ్నీ కరవలేదు. భార్య పోయాక ఆ ఇంటి నుంచి ఆయనకు మిగిలిన తోడు అదొక్కటే కాబట్టి ఆయన దుఃఖం నాకు అర్థమవుతోంది. అయినా భోజనం మానేసి బెదిరించడం వల్ల కుక్కకు మేలు జరగదు, కొడుకు మొండితనం పెరుగుతుంది. ఆయనకు కావలసింది బాధ్యత. వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లడం, వేళకు తిండి, పొద్దున్నా సాయంత్రం చల్లపూట మెల్లగా నడిపించడం ఆయనకే అప్పగించండి.

మీరు మాత్రం ఇద్దరి మధ్య వార్తలు మోయడం ఆపండి. ముగ్గురూ ఒకచోట కూర్చున్నప్పుడు మీవారి చేతే ఈ మాట అనిపించండి: "నాన్నా, నేను దాన్ని ఎక్కడా వదలను. కానీ మీరో నేనో పక్కన లేకుండా బాబు, అది ఒకే గదిలో ఉండకూడదు." అందులో సగం మామయ్యగారు కోరుకున్నది, సగం మీవారు కోరుకున్నది. మామయ్యగారి గది గుమ్మానికి నడుము ఎత్తు చెక్క గేటు వడ్రంగి చేత పెట్టించండి. కుక్క తిండీ నిద్రా ఆ గేటు లోపలే. పెద్దలు కళ్లు తిప్పుకునే వేళల్లో గేటుకు గడియ ఉండాలి. బాబుకు కూడా నేర్పాలి: తినేటప్పుడు, పడుకున్నప్పుడు దగ్గరకు వెళ్లకూడదు, మీద ఎక్కకూడదు, పిలిస్తే అదే వస్తుంది. నాలుగేళ్ల పిల్లవాడు ఇది గుర్తు పెట్టుకుంటాడని నమ్మి గేటు తెరిచి ఉంచకండి.

నొప్పికి మందు పడి, గేటు పాటించి, అప్పటికీ అది మళ్లీ కరిస్తే అది ఆ ఇంట్లో ఉండకూడదు. అప్పుడు పిల్లలు లేని బంధువుల ఇల్లు వెతకండి, కరిచిన సంగతి దాచకుండా చెప్పి అప్పగించండి. ఈ షరతు కూడా మామయ్యగారికి మొదటి రోజే చెప్పి ఒప్పించండి. ఆ రోజు వచ్చాక చెబితే ఆయన దాన్ని మోసం అనుకుంటారు.