వర్షారణ్యంలో లాడ్జ్‌ను దేన్ని బట్టి ఎంచుకోవాలి?

గదుల ఫొటోలు చూసే ముందు, ఆ లాడ్జ్ ఆదాయం ఎవరికి చేరుతుందో, అక్కడి అసౌకర్యాన్ని మీరు ఎంతవరకు ఓర్చుకోగలరో తేల్చుకోవాలి. అమెజాన్ లోపలి ప్రాంతాల్లో చాలాచోట్ల రోడ్డు ఉండదు. బియ్యం బస్తా నుంచి డీజిల్ డబ్బా వరకు అన్నీ పడవలోనే రావాలి కాబట్టి, రాత్రంతా ఏసీ కావాలంటే చాలాచోట్ల జనరేటర్ మోతను కూడా భరించాల్సి ఉంటుంది. ఇక, అడవి నిలిచి ఉంటేనే తమకు ఆదాయమని స్థానికులకు అనుభవంలోకి వస్తే, చెట్లు నరకాల్సిన అవసరం వారికి తగ్గుతుంది.

పెరూలో తంబోపాత నది తీరాన ఉన్న పోసాదా అమెజోనాస్ ఇందుకు మంచి ఉదాహరణ. 1996లో ఇన్ఫియెర్నో అనే గ్రామ సముదాయం ఒక పర్యాటక సంస్థతో 20 ఏళ్ల ఒప్పందం చేసుకుని, లాభంలో 60 శాతం గ్రామానికి దక్కేలా దీన్ని నెలకొల్పింది. ఇక్కడి గదులకు అడవి వైపు గోడ ఉండదు. దోమతెర కట్టిన మంచం మీద పడుకుని అడవి చప్పుళ్లు వినడం కొందరికి అపురూపమైన అనుభవం. పురుగులంటే హడలిపోయేవారు మాత్రం కిటికీలకు జాలీ బిగించిన లాడ్జ్‌ను వెతుక్కోవడమే మేలు.

పేరులో ‘ఎకో’ (పర్యావరణహితం) అని ఉంటే చాలునని చాలామంది పొరబడతారు. ఆ మాటను ఎవరైనా తగిలించుకోవచ్చు. మురుగునీరు ఎక్కడికి పోతుందో, గైడ్లు స్థానికులో కాదో అడగండి. ఫొటో కోసం, చెట్లపై మెల్లగా కదిలే అడవి జంతువైన స్లాత్‌ను చేతికిచ్చే చోటును నిస్సంకోచంగా వదిలేయండి.