మ్యాగజైన్ రివ్యూ ఒకటి, ఓనర్ల మాట ఇంకొకటి: ఏది ఎంతవరకు నమ్మాలి?

మీ ప్రశ్న ఇది: ఒకే బండికి మ్యాగజైన్ లీటరుకు 45 కిలోమీటర్లు అని రాస్తే ఓనర్లు 36 దాటట్లేదంటున్నారు, సీటు భేషుగ్గా ఉందని రివ్యూలో ఉంటే గంటకే నడుం పట్టేస్తోందని ఓనర్లు అంటున్నారు, ఎవరిని నమ్మాలి అని. చాలావరకు ఇద్దరూ నిజమే చెబుతారు. రివ్యూకి వచ్చేది కంపెనీవాళ్లు సర్వీసు చేసి, టైర్లలో గాలి సరిచూసి, చైన్ సెట్ చేసి పంపిన కొత్త బండి. కొద్ది రోజుల్లో తిరిగి ఇచ్చేస్తారు. ఓనరు చేతిలో ఉన్నది వేల కిలోమీటర్లు తిరిగి, వానలో తడిసి, వెనక మనిషినీ సామాన్లనూ మోసిన బండి. అందుకే కొత్త బండి ఎలా నడుస్తుందన్నది రివ్యూని అడగాలి, ఆ బండి పాతబడ్డాక ఏమవుతుందన్నది ఓనర్లని అడగాలి. అంకెలు మాత్రం ఎవరు చెప్పినా ఎలా కొలిచారో చూడాలి.

ఎక్కువ తగాదా మైలేజీ దగ్గరే. ట్యాంకు నింపి 50 కిలోమీటర్లు తిరిగి మళ్లీ నింపితే 1.2 లీటర్లు పట్టిందనుకోండి, లెక్క 41.7 వస్తుంది. పెట్రోలు గన్ కాస్త ముందే ఆగి 1 లీటరే పట్టి ఉంటే అదే బండి 50 ఇచ్చినట్టు. మూతి దాకా పోసి 1.4 పట్టి ఉంటే 35.7. కేవలం 200 మిల్లీలీటర్ల తేడా ఇంత పని చేస్తుంది. అదే 400 కిలోమీటర్లకు 10 లీటర్లు పట్టిన లెక్కలో అంతే తేడా వస్తే అంకె 39.2కీ 40.8కీ మధ్యే ఉంటుంది. కాబట్టి చిన్న రౌండు వేసి ఇచ్చిన మైలేజీని, రాసింది పత్రికైనా ఓనరైనా, పక్కన పెట్టేయండి. సరైన పద్ధతి ఇలా: బండిని ప్రతిసారీ సెంటర్ స్టాండు మీద పెట్టి, ట్యాంకులో ఒకే గుర్తు దాకా నింపాలి. కనీసం మూడు ట్యాంకులు తిరిగాక మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించాలి. మీటరులో కనిపించే మైలేజీ ఈసీయూ (ఇంజన్‌ని నియంత్రించే చిన్న కంప్యూటరు) వేసే అంచనా మాత్రమే, దాన్ని ఈ లెక్కతో ఒకసారి సరిపోల్చుకోకుండా ఎవరికీ చెప్పకండి.

కంపెనీ చెప్పే అంకె చాలాచోట్ల డబ్ల్యూఎంటీసీ అనే ల్యాబ్ పరీక్షలోది. బండిని రోలర్ల మీద ఎక్కించి, ముందే నిర్ణయించిన వేగాల పట్టిక ప్రకారం నడుపుతారు. వెనక మనిషి ఉండడు, ఎదురుగాలి ఉండదు, గుంతలుండవు. రోడ్డు మీద ఇంకో రెండు కారణాలు మైలేజీని తినేస్తాయి. ఒకటి, దగ్గర దూరాలు. రోజూ మూడు నాలుగు కిలోమీటర్లే తిరిగితే ఇంజన్ సరిగా వేడెక్కేలోపే ఇల్లు వచ్చేస్తుంది, చల్లటి ఇంజన్‌కి ఈసీయూ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. రెండోది వేగం. 60 నుంచి 90కి పెంచితే గాలి అడ్డు 2.25 రెట్లవుతుంది, దాన్ని చీల్చుకుని పోవడానికి కావలసిన పవర్ దాదాపు 3.4 రెట్లు. 45కీ 36కీ మధ్య తేడా ఈ రెండింటిలోనే వచ్చేయగలదు, బండిలో ఏ లోపమూ లేకుండానే.

టాప్ స్పీడ్ విషయంలో మాత్రం లెక్క తిరగబడుతుంది, ఓనర్లు చెప్పేదే ఎక్కువ ఉంటుంది. స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదని ఐక్యరాజ్యసమితి 39వ నంబరు నిబంధన చెబుతుంది, ఎక్కువ చూపిస్తే మాత్రం కొంతమేరకు ఒప్పుకుంటుంది. అందుకే మీటరులో 100 ఉన్నప్పుడు జీపీఎస్‌లో 93 నుంచి 96 మధ్య కనిపించడం మామూలే. టెస్టులు పద్ధతిగా చేసే పత్రికలు జీపీఎస్ పరికరంతో కొలుస్తాయి, ఓనరు మీటరు చూసి చెబుతాడు.

పికప్ టైమింగులు నేనైతే పెద్దగా పట్టించుకోను. సున్నా నుంచి 100కి తీసిన అంకె వెనక తేలికైన రైడరు, క్లచ్ మీద దయ లేని స్టార్టులు, చాలాసార్లు ప్రయత్నించి ఎంచుకున్న ఒక్క పరుగు ఉంటాయి. సొంత బండి క్లచ్ ప్లేట్లని ఎవరూ అలా కాల్చుకోరు. గేరు మార్చకుండా మూడో గేరులో 30 నుంచి 70కి, టాప్ గేరులో 50 నుంచి 80కి ఎంతసేపు పట్టిందో రాసి ఉంటే అది చూడండి, లారీని దాటేటప్పుడు పనికొచ్చేది అదే. పవర్ అంకె కూడా సాధారణంగా క్రాంక్ దగ్గరది, అంటే ఇంజన్ లోపలిది. వెనక చక్రం దగ్గర డైనోలో (పవర్ కొలిచే రోలర్ యంత్రంలో) కొలిస్తే 10 నుంచి 15 శాతం తక్కువ రావచ్చు. బరువు డ్రై వెయిటా (పెట్రోలు లేకుండా) కెర్బ్ వెయిటా (పెట్రోలు, ఆయిల్ అన్నీ పోశాక) అన్నది చూడకుండా రెండు బండ్లని పోల్చకూడదు: 15 లీటర్ల పెట్రోలే 11 కిలోలు తూగుతుంది.

సీటు, సస్పెన్షన్ దగ్గర తేడా అంతా బరువుది, సమయానిది. షోరూములో మెత్తగా అనిపించిన ఫోమ్ గంట గంటన్నర కూర్చున్నాక అణిగిపోయి అడుగున ఉన్న ప్లాస్టిక్ తగులుతుంది. షాకులు సరిగా లేవన్న మాట వినిపిస్తే, ఆ మనిషి శాగ్, అంటే తన బరువుకి సస్పెన్షన్ ఎంత కుంగుతుందో, కొలిచాడా అని మొదట అడగండి. కొలవడం కష్టమేం కాదు. వెనక చక్రం గాలిలో ఉండేలా లేపి, యాక్సిల్ నుంచి సరిగ్గా పైన ఫ్రేమ్ మీదో ఫెయిరింగ్ మీదో పెట్టుకున్న గుర్తు దాకా కొలవాలి. తర్వాత బండిని కింద పెట్టి, రైడింగ్ గేరుతో ఎక్కి కూర్చుని, ఇంకొకరి చేత అదే దూరం కొలిపించాలి. తేడా మొత్తం ట్రావెల్‌లో (చక్రం పైకీ కిందకీ కదలగల దూరంలో) 30 నుంచి 35 శాతం ఉండాలి, అంటే 130 మిల్లీమీటర్ల ట్రావెల్‌కి 39 నుంచి 45. అంతకన్నా ఎక్కువ కుంగితే ప్రీలోడ్ (స్ప్రింగుని ముందే నొక్కి ఉంచే సెట్టింగు) పెంచాలి, తక్కువైతే తగ్గించాలి. 70 కిలోల టెస్టర్‌కి బాగున్న సెట్టింగుతోనే, ఇద్దరూ సామానూ కలిపి 150 కిలోలు ఎక్కితే గుంత గుంతకీ సస్పెన్షన్ పూర్తిగా కుంగి అడుగుకి కొట్టుకుంటుంది. ఇక 20 వేల కిలోమీటర్లు దాటినా ఫోర్క్ (ముందు సస్పెన్షన్) ఆయిల్ మార్చని బండి మీద ఎవరైనా చెప్పే సస్పెన్షన్ అభిప్రాయం ఆ పాత ఆయిల్ గురించే.

ఓనర్లకి మాత్రమే తెలిసేవి కొన్ని ఉంటాయి. కావసాకి కేఎల్‌ఆర్650 మంచి ఉదాహరణ. 1987లో వచ్చిన ఈ సింగిల్ సిలిండర్ బండి ఇంజన్‌లో బ్యాలెన్సర్లని (వైబ్రేషన్ తగ్గించే బరువులని) తిప్పడానికి ఒక చైన్ ఉంటుంది. అది సాగితే వదులు తీయడానికి ఒక లీవరు, దాన్ని లాగే స్ప్రింగు. అప్పుడప్పుడు బోల్టు వదులు చేస్తే స్ప్రింగు లీవరుని లాగాలి, మళ్లీ బోల్టు బిగించాలి. పద్ధతి బాగానే ఉంది. కానీ చాలా బండ్లలో స్ప్రింగులో బిగువే ఉండేది కాదు, కొన్నిటిలో లీవరే విరిగి ముక్కలు ఇంజన్‌లో పడేవి. కవరు విప్పితే తప్ప ఇది బయటికి కనిపించదు, వారం రోజుల టెస్టులో దొరికే అవకాశమే లేదు. విప్పి చూసిన ఓనర్లే దీన్ని పట్టుకుని, బలమైన లీవరూ వేరే స్ప్రింగూ వేసుకోవడం మొదలుపెట్టారు. 2008 మోడల్‌కి కంపెనీ కూడా లీవరుని మార్చింది.

అలాగని ప్రతి ఫిర్యాదూ బండి తప్పు కాదు. న్యూట్రల్ పడట్లేదు, గేర్లు బిగుసుకుపోయాయి అనేవాటిలో చాలా క్లచ్ కేబుల్ దగ్గరే తేలిపోతాయి. క్లచ్ లీవరు చివర 10 నుంచి 15 మిల్లీమీటర్ల ప్లే (వదులు) ఉండాలి. ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవదు, అసలు లేకపోతే జారుతుంది. తడి క్లచ్ (ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉండే క్లచ్) ఉన్న ఇంజన్‌లో జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని రాసి ఉన్న బైకు ఆయిల్ కాకుండా కారు ఆయిల్ పోసినా క్లచ్ జారవచ్చు. చైన్ బిగుతుగా పెట్టేస్తే శబ్దం తగ్గిందనిపిస్తుంది, కానీ బరువు పడి స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) పైకి లేచినప్పుడు ఇంకా బిగుసుకుని, ఆ ఒత్తిడి గేర్‌బాక్స్ అవుట్‌పుట్ బేరింగ్ మీద పడుతుంది. చక్రం తిప్పుతూ అన్నిటికన్నా బిగుతుగా ఉన్నచోట స్లాక్ (చైన్ వదులు) కొలిచి, మాన్యువల్‌లో రాసినంతే ఉంచాలి.

ఓనర్ల మాటలు చదివేటప్పుడు ముందు ఓడోమీటర్ అంకె వెతకండి. వెయ్యి కిలోమీటర్ల లోపు రాసింది కొన్న సంతోషం, అందులో సమాచారం తక్కువ. ఒకరికొకరు తెలియని నలుగురు అదే పార్టు, దాదాపు అదే కిలోమీటర్ల దగ్గర, అదే లక్షణం చెబితే అది నిజమైన సమస్య. ట్యాపెట్ (ఇంజన్ వాల్వుల సందు) చెకింగు ఎన్ని కిలోమీటర్లకి, దానికి ట్యాంకూ రేడియేటరూ విప్పాలా, ఆ సందు సరిచేసేది షిమ్ములతోనా (పలచటి లోహపు బిళ్లలు) స్క్రూలతోనా, పార్టు ఆర్డరు చేస్తే ఎన్నాళ్లకి వచ్చింది, ఇవి అడగండి. మ్యాగజైన్లలో ఏడాది పాటు ఒకే బండిని ఉంచుకుని రాసే లాంగ్ టర్మ్ రిపోర్టులు ఉంటాయి, మొదటి రివ్యూ కన్నా అవి ఎంతో విలువైనవి.

చివరికి టెస్ట్ రైడ్ అరగంటకి తగ్గకుండా అడగండి. ఇంజన్ బాగా వేడెక్కాక ట్రాఫిక్‌లో ఆగి, ఫ్యాన్ తిరిగేటప్పుడు వేడి ఏ కాలికి తగులుతోందో చూడండి. మీరు రోజూ నడిపే వేగంలోనే పది నిమిషాలు ఆపకుండా నడిపితే హ్యాండిల్‌లో, ఫుట్‌రెస్టుల్లో వైబ్రేషన్ ఉందో లేదో బయటపడుతుంది. వెనక ఎవరు కూర్చుంటారో వాళ్లనే కూర్చోబెట్టుకుని ఒక స్పీడ్ బ్రేకర్ దాటండి, ఒకసారి గట్టిగా బ్రేకు వేయండి.