ధైర్యంగా ఉండమని మాత్రం చెప్పను

చిన్నీ,

నాన్న రిపోర్టులు, కీమో డేట్లు, ప్లేట్‌లెట్ల కౌంటు అన్నీ మెసేజ్ పెట్టావు గానీ నీ గురించి ఒక్క ముక్క లేదు, అందుకే ఇంత పెద్ద లెటర్ రాస్తున్నా. క్యాన్సర్ వార్డులో నర్సుగా చేసినన్నాళ్లూ నేను చూసింది ఏంటంటే మంచం మీద ఉన్న మనిషిని అందరూ ఎలా ఉన్నావని అడుగుతారు, పక్కన కుర్చీలో కూర్చున్న వాళ్లని ఎవరూ అడగరు. అడిగితే మాత్రం "ధైర్యంగా ఉండు" అని ఒక మాట అనేసి వెళ్లిపోతారు. ఆ మాట నేను అనను. ఇంట్లో అందరూ ధైర్యం నటిస్తూ కూర్చుంటే ఎవరి భయం వాళ్ల దగ్గరే ఉండిపోతుంది, మీ అమ్మ బాత్రూంలో ఏడుస్తుంది, నువ్వు బండి మీద ఏడుస్తావు, నాన్న గోడకేసి తిరిగి పడుకుంటాడు.

నాన్నకి పూర్తిగా చెప్పలేదన్నావు కదా, అది ఎక్కువ రోజులు నడవదు. కీమో వార్డులో కూర్చున్న మనిషికి తెలీకుండా ఎలా ఉంటుందే, తెలిసీ మీ కోసం తెలీనట్టు ఉంటారు చాలామంది. అలాగని ఒకేసారి అంతా కుమ్మరించమని కాదు, "నాన్నా, డాక్టరు చెప్పినవి నీకు ఎంతవరకు చెప్పమంటావు" అని అడుగు, ఆయన ఎంత అడిగితే అంతే. పిల్లాడికి కూడా జబ్బు పేరు చెప్పు, వాడి వల్ల రాలేదని, ముట్టుకుంటే అంటదని, వాణ్ణి స్కూల్ నుంచి ఎవరు తీసుకొస్తారో కూడా చెప్పు. పిల్లలకి ఆ చివరిదే పెద్ద టెన్షన్.

కీమో అయిన రెండు మూడు రోజులు నాన్న రిమోట్ కోసం కూడా అరుస్తున్నాడు, రాత్రంతా పడుకోవట్లేదు అన్నావు. వాంతులు రాకుండా డెక్సామెథసోన్ ఇస్తున్నారేమో ఫైల్లో చూడు. అది స్టెరాయిడ్, నిద్ర పోగొడుతుంది, కోపం తెప్పిస్తుంది, ఆపిన రెండో రోజుకి మనిషి డల్ అయిపోతాడు. మీరు సొంతంగా ఆపకండి, డాక్టర్‌కి చెప్తే డోసో టైమో మార్చే వీలుందేమో చూస్తారు. కానీ అది మందు కోపమని తెలిస్తే మీ అమ్మకి సగం బాధ తగ్గుతుంది, పాపం తన చాకిరీ నచ్చక అరుస్తున్నాడు అనుకుంటోంది.

ఇంకోటి, ఎవరూ బయటికి చెప్పరు. "ఇదంతా ఎప్పుడు అయిపోతుందో" అని ఒక రాత్రి అనిపిస్తుంది, వెంటనే ఛీ నేనేనా ఇలా అనుకుంది అని నిన్ను నువ్వే తిట్టుకుంటావు. ఆ మాట నాకు చెవిలో చెప్పుకుని ఏడ్చిన కూతుళ్లు, భార్యలు, కొడుకులు ఎంతమందో, వాళ్లలో ప్రేమ లేనివాళ్లు ఒక్కరు కూడా లేరు. ఒళ్లు అలిసిపోతే మనసు అలాగే మాట్లాడుతుంది.

క్యాన్సర్ ఉన్న ఇంట్లో ఇలాంటి మనసు బాధలు చూసే డాక్టర్లు కూడా ఉన్నారు, దాన్ని సైకో ఆంకాలజీ అంటారు. న్యూయార్క్‌లో మెమోరియల్ స్లోన్ కెటరింగ్ అనే క్యాన్సర్ హాస్పిటల్లో జిమ్మీ హాలండ్ అనే డాక్టరమ్మ 1977 నుంచి దీన్నొక శాఖగా నిలబెట్టింది. వాళ్ల దగ్గర డిస్ట్రెస్ థర్మామీటర్ అని ఉంటుంది, పెద్ద మెషీన్ ఏం కాదు, కాగితం మీద 0 నుంచి 10 దాకా అంకెలు, ఈ వారంలో నీ బాధ ఎంత అని గుర్తు పెట్టాలి. 4, ఆ పైన వస్తే మాట్లాడాల్సిందే అని లెక్క. పేషెంట్ల కోసం చేసిందే గానీ నువ్వూ అమ్మా కూడా పెట్టుకోవచ్చు. రెండు వారాలు వరసగా దేని మీదా మనసు పోకపోయినా, నిద్ర లేకపోయినా డాక్టర్‌ని కలువు, చచ్చిపోవాలని ఒక్కసారి అనిపించినా ఆ రోజే కలువు. హాస్పిటల్లో కౌన్సెలర్ ఉన్నారా అని నర్సునే అడుగు, మీరు అడగందే మేం చెప్పం ఒక్కోసారి, పని ఒత్తిడి అలాంటిది. పాలియేటివ్ కేర్‌కి పంపిస్తే మాత్రం కంగారు పడకు, అది చివరి రోజులకే కాదు, ట్రీట్‌మెంట్ నడుస్తుండగానే నొప్పి, నిద్ర, ఇంట్లోవాళ్ల గోడు అన్నీ చూస్తారు.

ఫోన్ల సంగతి మీ తమ్ముడికి అప్పజెప్పు, బంధువులందరికీ వాడే ఒక మెసేజ్ పెడతాడు. "ఏమైనా కావాలంటే చెప్పు" అనే వాళ్లకి మొహమాటం లేకుండా పని చెప్పు, గురువారం మందులు తెచ్చిపెట్టు, శనివారం రెండు గంటలు నాన్న దగ్గర కూర్చో, అలా. పని చెప్తే చేస్తారు, చెప్పకపోతే సలహాలిస్తారు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ప్రశ్నలు రాసుకుని వెళ్లు, అడిగి రికార్డ్ చేసుకో, ఆ గదిలో విన్నది సగం బుర్రకెక్కదు ఎవరికైనా.

వచ్చే కీమోకి నేను వచ్చి డే కేర్‌లో కూర్చుంటా, నువ్వు రావద్దు, ఇంట్లో పడుకో. ఫైల్ ఎక్కడుందో తమ్ముడికి చూపించు. అమ్మకి ఈ మాట నువ్వే చెప్పు, నేను చెప్తే గొడవ పెట్టుకుంటుంది.

మీ పెద్దమ్మ