'బొంత బ్లాక్' అనవచ్చా?

సందేహం: తెల్ల నూలుబట్టకు ఇంట్లోనే రకరకాల ఆకుపచ్చ రంగులు వేసి, తొమ్మిది చదరాలు కత్తిరించి, క్విల్ట్ కోసం ఒక బ్లాక్ (ముక్కలు కలిపి కుట్టిన పెద్ద చదరం; ఇలాంటివి కొన్ని కలిపితే క్విల్ట్ పైపొర అవుతుంది) కుట్టాను. తయారీ విధానం రాస్తూ 'చేతి అద్దకపు పచ్చ బట్టల బొంత బ్లాక్' అని పేరు పెట్టాను. బొంత అనడం చులకనగా ఉందని ఒకరన్నారు. మార్చాలా?

సమాధానం: బొంతను మార్చకండి. గుడ్డలు పొరలుగా పేర్చి కుట్టిందే బొంత. క్విల్ట్ కూడా అంతే కదా. చులకన అంటింది 'అతుకుల బొంత'కు, అదీ పొంతన లేని పొత్తులను వెక్కిరించడానికి వాడీ వాడీ. కుట్టుపనిలో ఆ మాటకూ దోషం లేదు.

నాకు కనిపించిన చిక్కు వేరు. 'అద్దకం' అనగానే చాలామందికి చెక్క అచ్చుతో బట్ట మీద పూలూ లతలూ వేయడం గుర్తొస్తుంది. ఆ అచ్చునూ ఇప్పుడు బ్లాక్ అనే అంటున్నారు. రెండు మాటలూ ఒకే పేరులో పడితే మీరు బ్లాక్ ప్రింటింగ్ చేశారనుకుంటారు. అద్దకానికి రంగు వేయడమన్న అర్థమూ ఉంది, తప్పు కాదు. కానీ మీరు బట్టను రంగునీళ్లలో ముంచి తీశారు కాబట్టి 'రంగు వేసిన' అంటే ఏ గొడవా ఉండదు. బ్లాక్‌ను అలాగే ఉంచండి. దాన్ని 'గడి' అనాలనే ఉత్సాహం కొందరికి ఉంటుంది గానీ, లోపలి చదరం కూడా గడే. '4½ అంగుళాల గడి' అని రాస్తే అది ఒక్క ముక్క కొలతా, మొత్తానిదా? అన్నివైపులా పావు అంగుళం కుట్టులోకి పోయి ముక్క 4 అంగుళాలకు, బొంతలో చేరాక బ్లాక్ 12 అంగుళాలకు వచ్చే లెక్కలో ఈ తేడా తెలియకపోతే బట్ట వృథా.

'బట్టల' అన్నా ఇబ్బందే. బట్టలంటే ముందు తోచేది ఒంటి మీద వేసుకునేవి. 'బట్ట ముక్కలు' అనండి.

పచ్చ సంగతి మరీ ముఖ్యం. పచ్చని చేలలో అది ఆకుపచ్చ, పచ్చకామెర్లలో పసుపు. నీలం వేసిన బట్టను పసుపు రంగులో ముంచితే ఆకుపచ్చ వస్తుంది. ఆ ఘట్టంలో 'పచ్చ రంగులో ముంచండి' అని రాశారో, చదివేవారు ఏ గిన్నెలో ముంచుతారో! పేరులో ఆకుపచ్చ అనండి. లోపల చిలకపచ్చ, లేతాకుపచ్చ, ముదురాకుపచ్చ అని విడివిడిగా చెప్పండి.

'చేత్తో రంగు వేసిన ఆకుపచ్చ బొంత' అని మాత్రం కుదించకండి, కుట్టిన బొంతకు రంగు వేసినట్టవుతుంది. 'చేత్తో ఆకుపచ్చ రంగులు వేసిన బట్ట ముక్కల బొంత బ్లాక్' అంటే సరిపోతుంది. పొడుగనిపిస్తే 'చేత్తో' తీసేయండి; ఇంట్లో వేసిన రంగులని మొదటి వాక్యంలో ఎలాగూ చెబుతారు.